వెనక డోరు

తాహెర్ హారన్ కొట్టగానే బస్సులో పిల్లలంతా కేరింతలు కొట్టారు.

మొన్నటిదాకా అది ఎయిర్‌పోర్టు ఉద్యోగులను మోసిన స్టాఫ్ బస్సు. బస్సు ఓనరు సేటు దానికి పసుపు రంగు వేయించి స్కూలుకు పెట్టాడు. పిల్లల బస్సు నడపడం తాహెర్‌కు ఇదే మొదలు. పండగలా ఉంది.

పహాడీ షరీఫ్ మలుపులో ఒక ముసలామె చేతులు చాచి బస్సుకు అడ్డంగా నిలబడింది.

"ఏందమ్మా, సావాలనుందా?" బ్రేకు తొక్కి అరిచాడు తాహెర్.

ఆమె బస్సెక్కి, తిన్నగా వెనక్కి నడిచింది. ఎమర్జెన్సీ డోరుకు అడ్డంగా బిగించిన సీటు మీద చెయ్యి వేసింది.

"ఈ సీటు తియ్ బిడ్డా."

"స్టాఫ్ బస్సు సంది గట్లనే ఉంది. ఎవ్వరూ అడగలే."

"పెద్దోళ్ల బండి రూల్ వేరు, పిల్లల బండి రూల్ వేరు. పసుపు రంగేస్తే స్కూల్ బస్సయితదా?"

"జర దిగమ్మా, లేటయితుంది!"

మర్నాడూ ఆమె అక్కడే. ఆ తర్వాతా అక్కడే. ఆమె పేరు తారాబాయి అని పిల్లలకు కూడా తెలిసిపోయింది.

ఈ పీడ వదిలించుకుందామని తాహెర్ చివరికి పానా తెచ్చి సీటు ఊడదీశాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన డోరును తారాబాయే భుజంతో నెట్టింది. అది ధన్‌మని తెరుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇగ పో బిడ్డా."

ఆ తర్వాత ఆమె రోడ్డు మీద కనబడలేదు. తాహెర్ హమ్మయ్య అనుకున్నాడు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం, రావిర్యాల దారిలో బస్సు జారి ఎడమ పక్కకు వాగులోకి ఒరిగింది. ముందు డోరు బురదలో కూరుకుపోయింది. లోపలికి నీళ్లు!

"వెనక్కి ఉరకండి! వెనక డోరు!" అరిచాడు తాహెర్.

ఒక్క తోపుకు తెరుచుకుంది.

తాహెర్ ఒక్కొక్కరినీ డోరులోంచి దుంకించి, ఎత్తి గట్టు మీదికి దాటించాడు. తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు!

"అంకుల్, మళ్ల దుంకుదామా?" అంది చిన్నది ఇరం.

తాహెర్ ఏడుస్తూనే నవ్వేశాడు.

తెల్లారగానే మిఠాయి డబ్బా పట్టుకుని మలుపు దగ్గరి చాయ్ హోటల్‌కు పరుగెత్తాడు.

"యాదయ్యన్నా, తారాబాయి ఇల్లు యాడ? జల్ది చెప్పు!"

హోటల్ యాదయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"పోయిన నెలనే పాణం పోయింది తమ్మీ."

తాహెర్ మిఠాయి డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"ఆమె మనుమడో మనుమరాలో... బస్సుల గిట్ల..."

"కాదు తమ్మీ. వెనకట ఓ స్కూల్ బస్సుకు వెనక డోరు తెరుచుకోక పిల్లలు పోయిన్రు. ఆ బస్సు నడిపింది ఆమె కొడుకే."