తిరగబెట్టిన గజ్జి

"గా దుప్పటి ఇంకోసారి ఉడికితే చారైతది హిమజా," అంది కౌసల్యమ్మ.

"ఏం జేయాలె అత్తమ్మా, మల్ల వచ్చింది." హిమజ దిండు గలీబులు కూడా మరిగే నీళ్లలోకి తోసి కర్రతో అదిమింది.

గజ్జి ఆ ఇంటిని పట్టుకుని నెలలైంది. డాక్టర్ చెప్పినట్టే అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా మందు రాసుకున్నారు. పరుపులు డాబా మీద ఎండబెట్టారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ప్రతిసారీ ముందు మామయ్యకే. ముంజేతుల మీద, మెడ కింద. ఆయన ఒళ్లు సున్నితమని హిమజ సరిపెట్టుకుంది.

గేటు దగ్గర దగ్గు వినిపించింది. కౌసల్యమ్మ మాట ఆపేసింది. లోపల హిమజ భర్త రంజిత్ టీవీ సౌండ్ తగ్గించాడు. కనకరాజు వచ్చాడని చెప్పడానికి ఆ ఇంట్లో కాలింగ్ బెల్ అక్కర్లేదు.

"డాక్టర్ ఏమన్నడు?" చెప్పులు విడుస్తూ కోడల్ని అడిగాడు.

"మందు మంచిదే అన్నడు మామయ్యా. మందు రాసుకోనోళ్లను ఎవరినో మనలో ఒకరు దగ్గరగా ముట్టుకుంటున్నరట. అందుకే తిరగబెడుతుందట."

కనకరాజు చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. "పనామెను బందు పెట్టుర్రి."

"ఆమె గిన్నెలు తోమి పోతది. మనల్ని ఎందుకు ముట్టుకుంటది?"

"చెప్పింది చెయ్యి."

ఆయన లోపలికి వెళ్లాక హిమజ అత్తగారిని వంటింట్లోకి తీసుకెళ్లింది.

"నిజం చెప్పండి అత్తమ్మా. నాచారం పోతున్నరా?"

ఇప్పుడు నాచారంలో ఉంటున్న కూతురు త్రివేణి తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకున్న రోజే ఆ ఇంట్లో ఆమె పేరు ఆగిపోయింది. కూతురి గడప తొక్కనని కనకరాజు భార్య చేత పుస్తెలు పట్టించి ఒట్టు వేయించాడు. తొక్కితే ఈ గడప మళ్లీ తొక్కొద్దన్నాడు. మనవరాలు పాకే వయసుకొచ్చినా కౌసల్యమ్మ ఇంకా మొహం చూడలేదు.

"పోయిన బిడ్డా. గుడికని చెప్పి పోయిన." కౌసల్యమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసింది. "గల్లీ మొగదల నిలబడి మర్లొచ్చిన. పూలమ్మేటామె చెప్పింది, పిల్లకు ఒళ్లంత పొక్కులని. నిద్ర పోతలేదట."

"ఎత్తుకోలేదా?"

"ఎత్తుకుంటే నా మొహం గిట్లుంటదా?" పైటతో ముక్కు తుడుచుకుంది. "గా మందు ఒకటి ఇచ్చిరా. మీ మామకు తెల్వొద్దు. గీ వయసుల బయటికి నూకితే ఏడికి పోవాలె?"

హిమజ తలూపింది కానీ పాపను ఎత్తుకోలేదన్న మాట నమ్మలేదు.

సాయంత్రం కనకరాజు వాకింగ్‌కు వెళ్లగానే, పసిపిల్లలకు ఎలా రాయాలో డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కుని, ఉప్పల్ చౌరస్తాలో ఆటో ఎక్కింది.

నాచారంలో ఇనుప గేటు లోపల ఒకే గది. త్రివేణి తలుపు తీసింది. చంకలో పాప మణికట్లు గోక్కుంటోంది. ఎత్తుకుందామని హిమజ ముందుకు వంగితే, తల్లి మెడ పట్టుకుని ఏడుపు అందుకుంది.

"ఏమనుకోకు వదినా. కొత్తోళ్ల దగ్గరికి అస్సలు పోదు."

హిమజ మందు చేతికిచ్చి, ఎలా రాయాలో చెప్పింది. "దాచకు త్రివేణీ. అత్తమ్మ వచ్చి పాపను ఎత్తుకుంటుంది కద?"

"అమ్మనా?" త్రివేణి కళ్లు నిండాయి. "ఒక్కనాడన్న వస్తదేమోనని గల్లీ దిక్కు సూస్తనే ఉంట. ఒట్టేసిందట కద, ఏడొస్తది?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఉదయం అత్తగారిని అనుమానించినందుకు హిమజకు సిగ్గేసింది.

త్రివేణి గోడ గడియారం వైపు చూసింది. "చీకటి పడుతుంది, ఇగ నువ్వు పో వదినా."

హిమజ చెప్పులు తొడుక్కుంది. పాప ఇంకా తల్లి భుజంలో మొహం దాచుకునే ఉంది.

గేటు దగ్గర దగ్గు వినగానే రెండు చేతులూ చాచింది.