పాప పెట్టిన పరీక్ష

"ఒక్కో ప్రశ్నకూ ఇరవై సెకన్లే. టైము దాటితే తప్పు కిందే లెక్క" అంది కౌన్సిలరు.

బల్లకు ఈ చివర తల్లి, ఆ చివర తండ్రి. చెరో ఫోను. పిల్లలు తమ గురించి తామే ప్రశ్నలు తయారుచేసి అయినవాళ్లకు పంపుకునే కొత్త క్విజ్ సైటు అది. ఎలా ఉంటుందో చూద్దామని కౌన్సిలరు నిన్న తొమ్మిదేళ్ల పాపను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి గది బయటికి వచ్చేసింది. పాప ఒక్కతే ఏడు ప్రశ్నలు తయారుచేసింది. విడిపోతున్న ఈ ఇద్దరిలో పిల్ల ఎవరి దగ్గర ఉంటే మంచిదో రేపు కోర్టుకు రాసివ్వాల్సింది ఆ కౌన్సిలరే.

"దీన్నిబట్టే రాసేస్తారా?" అన్నాడు తండ్రి.

"దీన్ని కూడా చూస్తాను."

నాకు ఇష్టమైన రంగు ఏది? తల్లి నీలం నొక్కింది. తెర ఆకుపచ్చగా వెలిగి టింగుమంది. ఆ చివరనున్న ఫోను కూడా టింగుమంది. ఆమెకు ఒళ్లు మండింది. దూరప్రయాణాల బస్సు నడిపే మనిషి ఏడాదిలో ఎన్నాళ్లు ఇంటిపట్టున ఉన్నాడని!

ఐదు ప్రశ్నలు దాటినా ఎవరికీ ఎరుపు రాలేదు.

"పిల్లకి ముందే నూరిపోశావా?" అన్నాడు తండ్రి.

"మీకూ మోగుతోందిగా. మీరేం నూరిపోశారు?"

"మాటలొద్దు" అంది కౌన్సిలరు.

ఆరోది. నేను ఎక్కడ ఏడుస్తాను? బాత్రూములో. మేడమెట్ల మీద. స్కూలు బస్సులో. నేను ఏడవను.

తల్లి కళ్లద్దాల దుకాణంలో పదేళ్లుగా పనిచేస్తోంది. ఊళ్లోవాళ్ల చూపు సరిచేసి పంపుతుందే గానీ, ఇంట్లో పిల్ల కళ్లు ఎప్పుడు ఎర్రబడ్డాయో చూసుకోలేదు. ఆరు సెకన్లు. అయిదు. మొదటి మూడింట్లో దేన్నీ నొక్కడానికి చెయ్యి రాలేదు. ఇదే నిజం కావాలని మొక్కుకుంటూ 'నేను ఏడవను' నొక్కింది.

ఆకుపచ్చ. ప్రాణం లేచొచ్చింది. తండ్రి ఫోనూ మోగింది కానీ, అతను ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

చివరిది. ఎవరి పక్కన పడుకుంటే నాకు నిద్ర పడుతుంది? అమ్మ. నాన్న. ఇద్దరి మధ్య. ఒక్కదాన్నే.

ఆమె ఆలోచించలేదు. 'అమ్మ' నొక్కింది. ఆకుపచ్చ. కళ్లు చెమ్మగిల్లాయి. ఇక గెలిచినట్టే. అతను 'నాన్న' అనే నొక్కుతాడు, తప్పుతుంది.

అతని ఫోను టింగుమంది.

ఆమె నిర్ఘాంతపోయింది. అంటే అతనూ 'అమ్మ' అనే నొక్కాడా? ఇన్ని నెలలుగా తనను పిల్ల పాలిట రాక్షసి అన్నవాడు, ఆఖరి ప్రశ్నలో, అదీ తనకు నష్టమని తెలిసీ, నిజం ఒప్పుకున్నాడా? చూస్తే అతనూ ఆమెనే చూస్తున్నాడు, కొత్త మనిషిని చూస్తున్నట్టు.

"నువ్వు ఒప్పుకుంటావనుకోలేదు" అన్నాడు మెల్లగా.

"మీరు మాత్రం?" అంది.

అతనే కౌన్సిలరు వైపు తిరిగాడు. "రేపు ఏమీ రాయకండి మేడమ్. మేం ఇంకోసారి కూర్చుని మాట్లాడుకుంటాం."

ఆమె అవునన్నట్టు తలూపింది. ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. అరుపులు వినపడలేదు.

పక్కగది తలుపు సందులోంచి పాప తల బయటపెట్టింది.

"ఆంటీ, ఎవరైనా తప్పారా?"

"లేదమ్మా, ఇద్దరికీ ఏడుకు ఏడు."

పాప గట్టిగా ఊపిరి వదిలి బయటికి పరుగెత్తింది. కౌన్సిలరు నవ్వుకుంటూ సైటులో జవాబుల పేజీ తెరిచింది.

ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులూ ఒప్పేనని పాప టిక్కు పెట్టింది.