పిల్లలు చూడకూడని సినిమా

“తలుపు తియ్యి జినియా! నీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యమ్మా!”

వంటింటి తలుపు మీద పరితోష్ రెండు చేతులతో బాదుతున్నాడు. లోపల గడియ పెట్టుకున్నది అతని పదమూడేళ్ళ కూతురు. ఆ పిల్లతోపాటు భార్య శర్బాణి. చేపలు తరిగే కత్తిపీట కూడా లోపలే ఉంది.

వీధిలో టాక్సీ ఆగి ఉంది. సాయంత్రంలోపు శర్బాణిని మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చాలి.

“తాళాలు మళ్ళీ పోయాయటగా?” అంది పక్కింటి పెద్దావిడ బులూ మాసీమా.

“మధ్యాహ్నం శర్బాణి నిద్ర లేచేసరికి కొంగున లేవు. పోయినసారి బియ్యం డబ్బాలో దొరికాయి. అంతకుముందు చేపల సంచిలో. తనే పెడుతుంది, తనే మర్చిపోతుంది.” అన్నాడు పరితోష్.

కలకత్తా శ్యాంబజార్ సందుల్లో ఇల్లాలి కొంగున తాళాల గుత్తి లేదంటే ఆమె చేతిలో ఇల్లు లేనట్టే. శర్బాణికైతే ఇది పుట్టింటివాళ్ళిచ్చిన ఇల్లు కూడా.

“మతి ఉన్న మనిషైతే, ఈ పాత కొంప పడగొట్టి ఫ్లాట్లు కడతామన్నవాణ్ణి చీపురుతో తరుముతుందా?” మాసీమా నిట్టూర్చింది. “అయ్యో, తలుపు బాదీ బాదీ నీ వేళ్ళు ఎంత ఎర్రగా కందిపోయాయో చూడు నాయనా!”

పరితోష్ చేతులు శాలువాలోకి లాక్కున్నాడు.

వీధిలో సినిమాలు వేసే క్లబ్బు కార్యదర్శి బాదల్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. అతణ్ణి చూడగానే పరితోష్ మండిపడ్డాడు.

“అంతా నీ వల్లే! ఆ సస్పెన్సు సినిమా పిల్లలకి వద్దని మొత్తుకున్నానా లేదా? చూసొచ్చిన దగ్గర్నుంచి జినియా అన్నం తినట్లేదు, తల్లిని వదలట్లేదు!”

“అరవై ఏళ్ళనాటి నలుపు తెలుపు బొమ్మ పరితోష్ దాదా! చుక్క నెత్తురు లేదట, ఒక్క ముద్దు లేదట. పోయిన చలికాలం మూడు శవాల సినిమా వేస్తే పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది నువ్వు కాదూ?”

“అది వేరు. ఇది మనసు పాడుచేసే సినిమా. చూసినవాణ్ణి కాబట్టే పద్దెనిమిది నిండనివాళ్ళకి వద్దన్నాను. ఈ పిల్ల నా కళ్ళుగప్పి వెళ్ళింది. ఒకరికి మతి పోయిందని ఏడుస్తుంటే ఇప్పుడు ఇద్దరయ్యారు!”

బాదల్ తలుపుకి చెవి ఆనించాడు. లోపల శర్బాణి వెక్కుతోంది.

“వెళ్తానే తల్లీ. నాకు నిజంగానే ఏమీ గుర్తుండటం లేదు. నిన్నే ఏమన్నా చేస్తానేమోనని భయంగా ఉంది. తియ్యి.”

“వెళ్తే నిన్నిక రానివ్వరమ్మా!”

టాక్సీ డ్రైవరు ఇనుప కడ్డీ తెచ్చాడు. మొదటి దెబ్బకే తలుపు చెక్క చీలింది. లోపల్నుంచి జినియా గొంతు చించుకుంది.

“బాదల్ కాకూ! మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక తాళాలు కట్టిన తన కొంగు ముడికి నేను పారాణి పూశాను! ఎర్రంచు చీర కదా, కనబడదని!”

“దుర్గమ్మ తల్లీ, దీనికీ పిచ్చెక్కేసింది!” మాసీమా నోరు నొక్కుకుంది.

“విన్నారుగా? కొట్టవయ్యా, చూస్తావేం!” పరితోష్ గావుకేక పెట్టాడు.

బాదల్ కడ్డీకి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగండి. ఇంతకీ ఆ సినిమాలో ఏం చూశావు తల్లీ? గేటు దగ్గర కాపలాతోనే సరిపోయింది, నేను చూళ్ళేదు.”

జినియా తలుపు చీలిక దగ్గర నోరు పెట్టింది.

“తప్పు చేసిందెవరో బయట చెప్పొద్దని మీరే కదా అందరితో ఒట్టు వేయించారు?”

“ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. చెప్పు.”

“సినిమాలో వస్తువులన్నీ దాచేసి, పెళ్ళానికి పిచ్చి అని ఊరందరినీ నమ్మించింది మొగుడే, కాకూ! ఇక్కడ మా నాన్నే! శాలువాలోంచి ఆయన చేతులు బయటికి తియ్యమనండి!”