చిటికెన గోటి రంగు

"మూడు దినాలు గూడ ఆగుతలేదమ్మా. పెచ్చులు పెచ్చులు లేస్తున్నది," అంటూ ప్రేమమ్మ కూతురి ఎడమచేతిని సుగుణమ్మ ముందుకు చాపింది.

చేవెళ్ల బజారులో సుగుణమ్మది గాజుల దుకాణం. పట్నంలో చదువుకునే ఆడపడుచు పుణ్యమా అని, గోళ్లరంగు సంగతి ఆ చుట్టుపక్కల బాగా తెలిసింది ఆమె ఒక్కతెకే. మూడేళ్లు నిండని మేరీ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గోరు మీద ఎరుపు సగం రాలిపోయి ఉంది.

"ఆలూరు నుంచి ఎండల పడి ఇందుకోసం వచ్చినవా? బాగనే ఉన్నది నీ సోకు. అన్ని వేళ్లు ఇడిసిపెట్టి ఈ చిటికెన వేలికే ఎందుకు?"

"సోకు కాదమ్మా. కవలలు గద, ఇద్దరు అచ్చం ఒక్క తీరుగ ఉండేటోళ్లు. ఈమె మేరీ అని గుర్తుకు మా ఆయన పూసిండు. మార్తకు పూయలే. పటాలంలకు పోతు పోతు, రంగు పోనియ్యకని సీస నా చేతిల పెట్టి పోయిండు."

సుగుణమ్మ వేలు వదిలేసింది. ఆ కథ ఆమె వినే ఉంది. ప్రేమమ్మ భర్త స్వామిదాసు పటాలానికి వెళ్లిన మూడో నెలలో తల్లీ పిల్లలూ ముగ్గురూ ఒకేసారి జ్వరాన పడ్డారు. ప్రేమమ్మకు పది రోజులు ఒళ్లు తెలియలేదు. వాడకట్టు వాళ్లే గంజి పోశారు, వాళ్లే ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చారు. పోయింది మార్త అని, జ్వరం విడిచాక ప్రేమమ్మే పాస్టరుగారికి చెప్పింది.

"ఇప్పుడు ఉన్నది ఒక్కతే గదనే. ఇంకెవరికి గుర్తు?" అంది సుగుణమ్మ మెల్లగా.

"ఆయనకు. లడాయి అయిపోయింది, వచ్చే ఐతారం వస్తున్న అని రాసిండు. వచ్చినంక మొదలు చూసేది ఈ వేలే."

సుగుణమ్మకు జాలేసింది. పీట లాగి కూర్చోబెట్టింది.

"అయితే ఇను. ముందు గోరు కత్తిరియ్యి. నిమ్మచెక్కతోని రుద్ది మంచిగ తుడువు, నూనె జిడ్డు ఉంటే రంగు పట్టదు. పలచగ ఒక పూత వెయ్యి, అది ఆరినంక ఇంకొకటి. గోరు కొసకు ఆగకు, అంచు మీదికి గూడ జర తిప్పి పుయ్యి. లేచేది ఆడనుంచే. ఒక పూట నీళ్లు తగలనియ్యకు. మూడు దినాలకొకసారి పూత మీద పూత వేస్తుండు. ఇవన్నీ సరే, అంతసేపు పిల్ల ఊకుంటదా? చెయ్యి పట్టుకొని కూసుంటవా ఏంది?"

"కూసుంటనమ్మా."

కూర్చుంది కూడా. కూలి మానుకుని, గడప దగ్గర పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఆ చిన్న చేతిని మధ్యాహ్నమంతా పట్టుకునే ఉంది. దారిన పోయే ఆడవాళ్లు చూసి, పటాలపోని పెండ్లానికి పనేమున్నది అని నవ్వుకున్నారు. నవ్వనీ. ప్రేమమ్మ ఎవరితో మాట కలిపి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. బావి దగ్గర నలుగురు చేరితే ఆమె కడవ పక్కకు జరుపుకుంటుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తానని వస్తే తల వంచుకుంటుంది. మనసులోది చెప్పుకోవడానికి మనిషి కావాలి, అది చెప్పుకునే మాట కూడా కావాలి. ఆమెకు రెండూ లేవు.

ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి "మార్తా" అని పిలిచి చూసేది. మేరీ ఆట ఆపి ఇటు తిరిగేది. పసిపిల్లలు ఏ పేరుకైనా తిరుగుతారు. ప్రేమమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

ఆదివారం స్వామిదాసు రానే వచ్చాడు. ట్రంకుపెట్టె వాకిట్లోనే పడేసి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చిటికెన గోరు నిండుగా, ఎర్రగా ఉంది. అంచున కూడా పెచ్చు లేవలేదు.

"నా మేరీ," అన్నాడు. అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేను పూసిన తీరుగనే ఉంచినవు ప్రేమా. నీ అసొంటిది ఎవరికి దొరుకుతది?"

ప్రేమమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

కళ్లు తుడుచుకుని అతనే అన్నాడు. "చేవెళ్లల బండ చెక్కిచ్చిన. ఎనుక బండిల వస్తున్నది. మార్త పేరు రాయిచ్చిన."

"పేరొద్దు," అంది ప్రేమమ్మ. "ఉత్త సిలువ చాలు."

"ఎందుకొద్దు?"

"వద్దంటున్న."

"కడసారి చూపుకన్న నోచుకోకపోతిని. మట్టిల ఎవరున్నరో తెల్వనట్టు ఉత్త బండ పెడ్తమా?"

ప్రేమమ్మ నోరు తెరిచింది. మేరీ అప్పటికే తండ్రి మెడ కరుచుకుని, ఎర్రటి గోరును అతని ముఖం ముందు ఆడిస్తూ నవ్వుతోంది. అతనూ నవ్వుతున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

సాయంత్రం కాకముందే బండ నిలబెట్టారు. పాస్టరుగారు పైకి చదివారు, మార్త అని. అందరూ ఆమెన్ అన్నారు. ప్రేమమ్మ పెదవులు మాత్రం కదల్లేదు.

పది రోజుల జ్వరం విడిచి ఆమె కళ్లు తెరిచిన నాడు, పక్కనున్న బిడ్డకు ఏ గోటి మీదా రంగు లేదు.