గోదాట్లో విమానం

విమానం గోదావరిలో పడింది. అదీ మామూలుగా కాదు. ముక్కు కిందికి పెట్టి, తిన్నగా, ఎంతో ఇష్టంగా పడింది.

ధవళేశ్వరం దిగువన ఇసుక తిన్నె మీద కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. జోగేశ్వరరావు గారు లేవలేదు. లోకంలో తను తప్ప అందరూ వెధవలేనని నమ్మిన పంపుసెట్ల వ్యాపారి ఆయన. ఈమధ్యే రాజమండ్రిలో డ్రోన్ల కంపెనీ పెట్టారు.

సముద్రంలో తప్పిపోయిన పడవల్ని వెతకాల్సిన విమానం అది. రెక్కలున్నాయి, పైలట్ లేడు. దానికి ఎగరడం ఎవరూ నేర్పరు. కంప్యూటర్ తెర మీద వేలసార్లు ఎగిరి అదే నేర్చుకుంటుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు చూసి మార్కులు వేస్తారు. దేనికి మార్కులొస్తే అదే మళ్ళీ చేస్తుంది. అంతకు మించి బుద్ధి లేదు దానికి.

తెర మీద కూడా అది రోజూ కూలేది. "తెర మీద పడితే దానికేం నొప్పి? నిజం నీళ్ళు చూస్తే బుద్ధి అదే వస్తది" అని డెమో పెట్టించింది జోగేశ్వరరావు గారే.

"మా పడవలు ముంచడానికి గాలివాన చాలండి బాబూ, దానికి విమానం కూడా ఎందుకండీ?" అన్నాడు మత్స్యకారుల సంఘం పెద్ద బుల్లియ్య. తన మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆర్డరూ వాళ్ళతోనే పోయింది.

"ఇంజనీరు గారూ!" జోగేశ్వరరావు గారు కేకేశారు. "తమరు చదివింది విమానాలు ముంచే చదువాండీ?"

లక్ష్మీప్రసన్న దగ్గరికొచ్చింది. ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోంది.

"సార్, నేను అప్పుడే వద్దన్నానండి..."

"వద్దు, కాదు, కుదరదు. ఇవేగా మీ చదువులు నేర్పేది! రోజూ పక్కన కూర్చుని చూశాను కదమ్మా నీ విమానం తెలివి. మట్టిబుర్ర. దాన్ని తయారుచేసిన బుర్ర ఇంకెలా ఉంటది? రేపట్నుంచి రావద్దు. ఇంట్లో కూర్చుని అప్పడాలు ఒత్తుకో."

చుట్టూ ఉన్న ఆఫీసువాళ్ళు నవ్వారు. జీతాలు తీసుకుంటున్నారు, నవ్వక తప్పదు.

ప్రసన్న కళ్ళు తుడుచుకుంది. ఇక పోయేదేమీ లేదు. మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"మార్కులు నేనే వేస్తానని పట్టుబట్టి కూర్చుని, అది కూలినప్పుడల్లా ఎటకారానికి నూటికి నూరు నొక్కింది తమరే కదండీ!"