అట్ట చాటు పాచిక

అన్నయ్య పోయాక, ఆదివారాలు మేం ఆడే కథల ఆటలో ఆయన ఆడిన యోధుడి పాత్రని ఇప్పుడు వదిన ఆడుతోంది. కథ నడిపేది నేను. రాక్షసుడి దెబ్బకి యోధుడు బతికాడో లేదో తేల్చడానికి నా ముందు అడ్డుగా నిలబెట్టుకున్న అట్ట చాటున ఇరవై ముఖాల పాచిక వేశాను. ఒకటి పడింది. అంటే చావే.

“పద్నాలుగు. గండం గడిచింది వదినా,” అన్నాను.

వదిన అట్ట జరిపి చూసింది. కోప్పడలేదు, ఏడవలేదు.

“ఆస్పత్రిలోనూ ఇంతే. ఇక లాభం లేదని డాక్టరు నీతో చెప్పారు. నువ్వు నాతో, ఏం ఫర్వాలేదు, ఇంటికెళ్లి స్నానం చేసి రమ్మన్నావు.”

నేను అట్టని మడిచి పక్కన పెట్టాను.

“నేను సబ్బు రుద్దుకుంటుండగా ఆయన పోయారు. ఈసారైనా నన్ను దగ్గరుండనీ. ఉన్నది చెప్పు.”

“పోయాడు వదినా.”

వదిన తలూపి, బల్ల మీది యోధుడి బొమ్మని అరచేతిలోకి తీసుకుంది.