కవరు విప్పని పుస్తకం

కట్టుడుపళ్ళాయన మళ్ళీ వచ్చాడు.

"పళ్ళు సరిగ్గా కూర్చున్నాయని మొన్ననే చెప్పాను కదండీ!" అన్నాడు పళ్ళడాక్టరు.

"కొంచెం ఒరుసుకుంటున్నాయి బాబూ."

డాక్టరు నోరు తెరిపించి చూశాడు. చిగుళ్ళ మీద చిన్న ఎర్రమచ్చైనా లేదు. ఈ నోరు తనకు కొత్త కాదు. ఇందులో మిగిలిన ఆఖరి పన్ను, బయటికి పొడుచుకొచ్చిన వంకర కోరపన్ను, ఎంతకీ ఊడిరాక డాక్టరుకు చెమటలు పట్టించింది.

"ఏమీ లేదు. వెళ్ళిరండి."

ఆయన వెళ్ళలేదు. బయట వెయిటింగు గదిలో డాక్టరుగారి తల్లి పక్కన కూర్చున్నాడు.

ఆవిడకు చూపు పోయి చాలా కాలమైంది. లోపల ఒంటరిగా తోచదని, వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటూ పొద్దస్తమానం ఆ గదిలోనే ఉంటుంది. చేతులకు బంగారు గాజులు.

డాక్టరును అనుమానం పురుగులా తొలిచింది.

"ఆయన అమ్మతో ఏం మాట్లాడుతుంటాడోయ్?" అని కాంపౌండర్ని అడిగాడు.

"అన్నీ గుసగుసలే సార్. నేను దగ్గరికెళ్తే ఆపేస్తాడు. ఓసారి పెద్దమ్మగారు కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను."

మధ్యాహ్నం భోజనం దగ్గర తల్లిని నిలదీశాడు.

"పుస్తకం చదివి వినిపిస్తున్నాడ్రా," అంది ఆవిడ సంబరంగా. "అద్దాల బీరువాలో ఉన్నాయే, నీ పుస్తకాలు! వాటిల్లో ఆ లావుపాటి నవల. జైల్లో ఉన్న తండ్రిని చూడ్డానికి బండివాడి కూతురు మంచులో నడిచి వెళ్తుంది. శాలువా కింద రొట్టె దాచుకుని..."

వెయిటింగు గదిలో అందరికీ కనబడేలా పెట్టిన ఆ బీరువా డాక్టరుకు గర్వకారణం. ప్రపంచంలోని గొప్ప నవలలన్నీ తెలుగులో, బంగారు అక్షరాల అట్టలతో. ఒక్కటీ చదవలేదు. తీరిక దొరకగానే చదువుతానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు.

"తాళంచెవి నా జేబులో ఉంటే, అతగాడెలా చదివాడమ్మా?"

ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది.

మారుతాళం! డాక్టరు ఎంగిలి చెయ్యైనా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తి బీరువా తెరిచాడు. సెట్టు సెట్టంతా ఉంది. పుస్తకాల ప్లాస్టిక్ కవర్లు కూడా చెక్కుచెదరలేదు.

అంటే దొంగ కాదు, అంతకన్నా ఘోరం. కళ్ళు లేని మనిషి ముందు కూర్చుని నోటికొచ్చింది అల్లి చెబుతున్నాడు. ముందు కథలు, తర్వాత గాజులు!

మర్నాడు ఆయన్ని గుమ్మంలోనే ఆపేశాడు.

"కవరైనా చిరగని పుస్తకం ఎలా చదివారండీ?"

ఆయన చిన్నగా నవ్వాడు. "ఆ లావుపాటిదాని కవరు ఒక్కసారి విప్పి చూడండి. మీకే తెలుస్తుంది."

"విప్పితే సెట్టు పాడవుతుంది. మాట మార్చకండి. మా అమ్మతో మీకేం పని?"

"ఇన్నాళ్ళకి వినేవాళ్ళు ఒకరు దొరికారు బాబూ. ఇంకొక్క అధ్యాయమే ఉంది. అది చెప్పేసి ఇక రాను."

"వినడానికి చెవులుంటే చాలదా? గాజులు కూడా ఉండాలా?"

ఆయన మొహం పాలిపోయింది. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పీడ వదిలిందనుకున్నాడు డాక్టరు. కానీ తల్లి వెయిటింగు గదిలోకి రావడమే మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది.

"అబద్ధమైతే అబద్ధమే! జైలు తలుపు తీశారో లేదో తెలియకుండా చేశావు," అనేది.

ఆ సణుగుడు పడలేక, ఆయన్ని పిలుచుకు రమ్మని చివరికి కాంపౌండర్ని పంపాడు.

కాంపౌండరు ఒంటరిగా తిరిగొచ్చాడు.

"పెద్దాయన పోయారట సార్. నిద్రలోనే. నిన్ననే అంతా అయిపోయిందట."

తల్లి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "పోనీ నువ్వైనా చదవరా. అందులో ఉందో లేదో తేలిపోతుంది," అంది.

డాక్టరు ఏ మొహం పెట్టుకుని కాదంటాడు? కత్తెర తెచ్చి లావుపాటి నవల కవరు కోశాడు. చివరి అధ్యాయానికి ముందు పేజీ పట్టుకున్నాడు.

"మంచు మోకాళ్ళ దాకా పేరుకుంది. ఆ పిల్ల..."

"...రొట్టె చల్లారిపోతుందని గుండెకు హత్తుకుంది," అని తల్లి పూర్తి చేసింది.

అక్షరం పొల్లు పోలేదు. డాక్టరు ఆ వాక్యం మళ్ళీ ఒకసారి చూశాడు. పేజీ తిప్పి చివరిదాకా చదివాడు.

"తలుపు తీశార్రా," అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరు పుస్తకం మూయబోయి ఆగాడు. వెనక అట్ట లోపలి మడత మీద నల్లజుట్టు కుర్రవాడి ఫోటో, దాని కింద 'అనువాదకుడు' అన్న మాట. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఆ నోట్లో బయటికి పొడుచుకొచ్చిన వంకర కోరపన్నును డాక్టరు ఎక్కడున్నా గుర్తుపడతాడు, పీకింది తనే.